మొత్తం మాత్రమే

మా చిన్నాయన తాండూరులో బండలు పాలిష్ పట్టే పని చేస్తాడు. అక్కడి ఓనర్లు కూలీలందరికీ ఛాతీ ఎక్స్‌రేలు తీయించి, ఫలితాలు మాత్రం తమ దగ్గరే దాచుకున్నారు. రాతి దుమ్ము ఎంతమంది ఊపిరితిత్తుల్లో చేరిందో చెప్పమంటే ఒక్కడూ నోరు విప్పలేదు. తన యూనిట్ పేరు బయటపడుతుందని ప్రతివాడికీ భయమే.

అందుకే నా చదువంతా పెట్టి ఒక ప్రోగ్రాం రాశాను. ఒక్కో యూనిట్ అంకె ముక్కలై మిగతావాళ్ల ముక్కల్లో కలిసిపోతుంది. చివరికి అందరిదీ కలిపిన మొత్తం ఒక్కటే బయటికొస్తుంది. ఎవరి అంకె ఎంతో నాకు కూడా కనబడదు. ఆ హామీ మీదే వాళ్లు ఒప్పుకున్నారు.

మొత్తం వచ్చింది. అంత పెద్ద అంకె నమ్మలేక ప్రోగ్రాంలో తప్పుందేమోనని వెతికాను.

ఆదివారం చిన్నాయన వికారాబాద్‌లో మా ఇంటికొచ్చాడు. దగ్గు ఆగాక అడిగాడు.

"నా ఎక్స్‌రేల ఏమొచ్చింది బిడ్డా?"

"నాకు తెల్వదు చిన్నాయనా."

"గా లెక్క చేసింది నువ్వే గదా?"

"నేనే. గని నాకు గూడ కనబడకుండ చేసిన."

ఎవరడిగారు నన్ను అంత పకడ్బందీగా రాయమని! ఎన్ని రకాలుగా చెప్పినా ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరికి నవ్వి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పరేషాన్ అయితనని దాస్తున్నవ్. పోనీ తియ్ బిడ్డా. ఇంక ఎన్నేండ్లుంటనో గదొక్కటి చెప్పు."