కిటికీ వెలుతురు దావా

మా నాన్న బోయిగూడలో నాకు వదిలిపోయినవి రెండే. రఫూ పని, తూర్పు కిటికీ ఉన్న ఒక గది. చిరిగిన బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, చిరుగు ఎక్కడుండేదో తొడుక్కున్నవాళ్ళకే తెలియకుండా నేసెయ్యడం రఫూ అంటే. సికింద్రాబాద్‌లో నా అంత బాగా చేసేవాళ్ళు మహా అయితే ఇద్దరుండేవారు. వాళ్ళు ఈ మాట ఒప్పుకోరు, అది వేరే సంగతి.

పోలీస్ చర్య అయిన మరుసటి ఏడాది షేర్వాణీలు తగ్గి, కార్ఖానా బస్తీ వైపు నుంచి మిలిటరీ కోట్లు రావడం మొదలైంది. అప్పుడే మా పక్క జాగా కొన్న కలప వ్యాపారి మా కిటికీకి మూరెడు దూరంలో గోడ లేపాడు. పట్టపగలే గది మసకబారింది. వెలుతురు పోతే నా పని పోతుంది, పని పోతే నేనూ మా అమ్మా పస్తులే. దావా వేశాను.

మా వకీలు చెప్పిన న్యాయం నాకు నచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరూ అడ్డు పెట్టకుండా అనుభవించిన వెలుతురు హక్కవుతుందట. నడిచే దారికీ అదే న్యాయమట. అవతలి వకీలు ఒక మెలిక పెట్టాడు. వెలుతురు తగ్గింది కానీ పోలేదు, పనికి సరిపోతుంది, కావాలంటే వచ్చి చూడండి అన్నాడు.

కేసు వింటున్న మున్సిఫు గారు మా ఇంటికే వచ్చి నులక మంచం మీద కూర్చున్నారు. అవతలి వకీలు తన షేర్వాణీనే విప్పి, ఈ వెలుతురులోనే రఫూ చెయ్యమని నా ముందు పెట్టాడు. మోచేతి కింద మేకు తగిలి చిరిగింది.

మా వకీలు నా పక్కన వంగి, "బేటీ, జెర తప్పులు పోనీ. నువ్వు మంచిగ చేసినవనుకో, మనం ఓడిపోతం" అన్నాడు. అమ్మ కూడా నా చెవిలో నసిగింది. "నీ పొగరే నిన్ను ముంచుతది. ఇయ్యాల ఒక్కదినం అణుచుకో."

అణుచుకుందామనే అనుకున్నాను. ఒక పోగు కావాలనే వంకరగా వేశాను. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండింది. నాన్న చేతి పని అది, దాన్ని నేను ఖరాబు చెయ్యడమేమిటి? పీకేశాను. గంటన్నర సేపు, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, సగం చూపుతో సగం వేలి కొసలతో నేశాను. నాకు కోర్టు గుర్తు లేదు, గోడ గుర్తు లేదు.

అవతలి వకీలు షేర్వాణీ అందుకుని మురిసిపోయాడు. "చూడుండ్రి హుజూర్, గీ వెలుతుర్ల ఎంత మంచిగ చేసిందో!" ఆ చోటు చూపిద్దామని షేర్వాణీ చెయ్యి అటూ ఇటూ తిప్పాడు. దొరకలేదు. గుమ్మం దాటి వీధిలోకి పోయి, ఎండలో పట్టుకుని వెతికాడు. అక్కడా దొరకలేదు.

మున్సిఫు గారు మంచం మీంచే అడిగారు. "వకీల్ సాబ్, బయటికెందుకు పోయిన్రు?"

"లోపల కనపడలే హుజూర్" అనేసి, అతను నాలుక కరుచుకున్నాడు.

తీర్పు ఉర్దూలో వచ్చింది. మా వకీలు తెలుగులో చదివి చెప్పాడు. బండి గుద్దిన కేసులో మామూలు మనిషి పడే జాగ్రత్తనే కొలతగా పెట్టుకుంటాం. వెలుతురుకూ మామూలు మనిషి కళ్ళే కొలత, పనితనమున్నవాళ్ళ వేళ్ళు కాదు. గోడ కిటికీ కింది అంచు దాకా దించాలి.

దించారు. ఆ పొద్దున ఎండ మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చి పడింది. అమ్మ నా పీట తెచ్చి కిటికీ కింద వేసి, కొంగుతో తుడిచింది.

"కూసో" అంది. "గా పొగరు గట్లనే ఉండనీ."