పరీక్షకని మాత్రలు మానేసిన మనిషి

నరసాపురం నుంచి ఫోను వచ్చినప్పుడు మనవరాలికి జడ వేస్తున్నాను. "మా అమ్మ తెల్లారి పోయిందండి, మేడమ్ గారూ," అన్నాడు ఆవిడ కొడుకు. జడ సగంలో వదిలేశాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. స్నేహితురాలినని చెప్పుకునే హక్కూ నాకు లేదు. ఏటా మా మెడికల్ కాలేజీ ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చి మంచం మీద పడుకునే పేషెంటు. విద్యార్థులు చూసి రోగమేంటో చెప్పాలి, మేం మార్కులు వెయ్యాలి. చిన్నప్పటి జ్వరంతో ఆవిడ గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. స్టెతస్కోపు పెడితే, అవతలి రేవులో పంటు పడవ ఇంజను తిరుగుతున్నట్టు సన్నటి గురగుర.

ఒక ఏడాది పరీక్షల్లో నేను మొదటిసారి ఎగ్జామినరుని. గంజిపెట్టిన చీర కట్టుకుని, ముఖం కూడా దానికి తగ్గట్టే పెట్టుకుని కూర్చున్నాను. అయిదుగురు వచ్చి ఆ చప్పుడును పుస్తకంలో ఉన్నట్టే వర్ణించారు. ధారాళంగా మార్కులు వేశాను. ఆరోగా వచ్చిన అమ్మాయి అప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. చాలాసేపు విని, "నాకేం వినపడటం లేదు మేడమ్. గుండె మాత్రం లయ తప్పి పరిగెడుతోంది," అంది.

"చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాను.

మంచం మీంచి ఆవిడ కలగజేసుకుంది. "ఆ పిల్లనేం అనకండి డాక్టరమ్మగారూ. మీరోసారి చూడండి."

చూశాను. నాకూ వినపడలేదు.

"మాత్రలు వేసుకున్నావా?"

"మూడ్రోజులై మానేశానండి. ఏసుకుంటే రోగం అణిగిపోద్ది కదండీ. పిల్లలకి సరిగ్గా వినపడక తప్పుతారేమోనని."

గుండె వేగాన్ని అదుపులో ఉంచే మాత్రలవి. మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఆ వేగంలో చప్పుడూ మునిగిపోతుంది. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ గుండె మీద ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నేనూ చెప్పలేదు.

ఆ అమ్మాయి పాసయింది. లేని చప్పుడు విన్న అయిదుగురూ పాసయ్యారు. సంతకాలైన కాగితం దిద్దే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. వాళ్ళ పేషెంట్లను దేవుడు చల్లగా చూడాలి.

కవాటానికి ఆపరేషన్ చేయించుకోమని అప్పటి నుంచి వెంటపడ్డాను. ఆవిడ లేసు అల్లుతూనే వినేది, చెయ్యి ఆగేది కాదు.

"బాగైపోతే ఇంక నన్నెవరు పిలుస్తారండీ?"

"పిలవకపోతే బతుకుతావు."

"ఇక్కడ కాబోయే డాక్టర్లు నా మంచం దగ్గర చేతులు కట్టుకుని నిలబడతారండి. ఇంట్లో మా కోడలు కాఫీ ఇవ్వడానిక్కూడా నిలబడదు."

నాకు నోరెక్కువని పేరు. ఈసారి మాటలు మానేసి, పరీక్షలకు పిలిచే పేషెంట్ల జాబితాలో ఆవిడ పేరు కొట్టేశాను. తనే బస్సెక్కి వచ్చి, "నా పేరు మర్చిపోయారేంటండీ, రాసుకోండి," అని గుమాస్తాను కసిరిందట.

చివరికి ఒప్పుకునేసరికి ఊపిరితిత్తులు కూడా పాడయ్యాయి. ఇక కత్తి పెట్టలేమన్నారు సర్జన్లు.

కిందటి నెల చూడటానికి వెళ్ళాను. చేయగలిగిందేమీ లేదని తెలుసు. ఊరికే కూర్చోవడం చేతకాక సంచిలోంచి స్టెతస్కోపు తీశాను. అది కనపడగానే, నేనేమీ అడగకుండానే, పరీక్షల్లోలాగే ఎడమపక్కకు ఒత్తిగిల్లి, ఉన్న కాస్త ఊపిరీ వదిలేసి బిగబట్టింది. అలా పడుకుంటేనే ఆ చప్పుడు బాగా వినపడుతుంది. చాలమ్మా, ఊపిరి తీసుకో అని నేను చెప్పాలి. స్టెతస్కోపు ఆనించి వింటూనే ఉన్నాను. పెదాలు నీలంగా మారుతున్నా, నా ముఖంలోకే చూస్తూ అలాగే ఉండిపోయింది.