బోడినాయకనూరు వరండాలో తేలిన సముద్రపు నీటి లెక్క

రాజేశ్వరితో నా వాదన ఫోనులో తేలేది కాదని అర్థమయ్యాకే నేను ఈ ప్రయాణానికి టికెట్టు తీశాను. మేమిద్దరం కాకినాడలో ఒకే ఆఫీసులో పనిచేస్తాం, పనులు మాత్రం వేరు. సముద్రం అడుగున బావి తవ్వి అందులోకి దించిన పరికరాలు మట్టి పొరల గురించి పంపే అంకెలను చదివేది నేను. అదే బావి నుంచి గొట్టాల్లో పైకి తెచ్చిన మట్టిని ఓడ మీదే పిండి, వచ్చిన నీళ్ళలో ఉప్పెంతుందో చూసేది తను. ఇద్దరం తేల్చాల్సింది ఒక్కటే. మట్టి రేణువుల సందుల్లో నీళ్ళు ఎంత, గ్యాసును తనలో బంధించుకున్న మంచు ఎంత? ఉప్పునీళ్ళలో కరెంటు తేలిగ్గా పోతుంది, ఆ మంచులో పోదు. కరెంటుకు తగిలిన అడ్డును బట్టి నేను నీటి శాతం లెక్క కడతాను. ఈ మంచు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది కాబట్టి, పైకి తెచ్చాక అది కరిగితే మట్టిలోని నీళ్ళు చప్పబడతాయి. ఆ చప్పదనాన్ని బట్టి తను లెక్క కడుతుంది. నా లెక్కలో సందుల్లో సగం కూడా నీళ్ళు లేవు, మిగతాదంతా మంచే. తన లెక్కలో ముప్పాతికకు పైగా నీళ్ళే. తర్వాతి బావి ఎక్కడ తవ్వాలో సోమవారం సమావేశంలో తేలిపోవాలి. దానికి మేమిద్దరం కలిసి ఒకే నివేదిక ఇవ్వాలి.

ఇంతలో రాజీ సెలవు పెట్టి వెళ్ళిపోయింది. వాళ్ళది కోయంబత్తూరు వైపు తెలుగు కుటుంబం. ఆ నేలకు వచ్చి ఎన్ని తరాలైందో ఇంట్లో ఎవరూ చెప్పలేరు గానీ, ఇంట్లో మాట మాత్రం తెలుగే. నాలుగు సార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. చివరికి ఒక సందేశం వచ్చింది: ‘పెద్దమ్మ కాలు విరిగింది. బోడినాయకనూరులో ఉన్నా. కావాలంటే నువ్వే రా.’ లెక్క సంగతి ఎలా ఉన్నా, ఆరేళ్ళుగా ఒకే క్యారేజీలో తిన్న మనిషి అలా పొడిగా రాయడం నాకు నచ్చలేదు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని గురువారం మధ్యాహ్నం సామర్లకోటలో అలప్పుళ వెళ్ళే రైలెక్కాను.

ఆ రైలు మర్నాడు పొద్దున టిఫిను వేళ దాటాక కోయంబత్తూరులో దింపుతుంది. స్లీపర్లో ఖర్చు తక్కువే, కానీ ఈ దారిలో కేరళ వెళ్ళేవాళ్ళ రద్దీ ఎక్కువ కాబట్టి టికెట్టు ముందే తీసుకోవాలి. బోడి వైపు బస్సులు స్టేషను దగ్గర దొరకవు, ఊరికి అవతల సింగానల్లూరు బస్టాండుకు పోవాలి. టౌను బస్సుకైతే పదో ఇరవయ్యో చాలు. నాకు తొందర ఉంది కాబట్టి ఆటో ఎక్కి రెండు వందల పైచిలుకు ఇచ్చుకున్నాను. దారిలో ఇంటికి ఫోను చేసి మాట్లాడుతుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు.

“మీరు నెల్లూరు పక్కమా అక్కా?”

“ఇంకా పైన. కాకినాడ.”

“రొంబ దూరం. మా ఇంట్లోనూ తెలుగే. బళ్ళో చదివింది తమిళం. తెలుగు పేపరు ఇస్తే తలకిందులుగా పట్టుకుంటా,” అని పకపకా నవ్వాడు. “బోడికా? తేని బండి ఎక్కండి. ఒట్టన్‌చత్రంలో నిలుస్తాది. ఆడ టీ తాగండి, నల్లా ఉంటాది.”

తేని బస్సు సాయంత్రానికి చేరుస్తుంది, టికెట్టు రెండు వందల లోపే. ధారాపురం దాటాక రోడ్డు పక్కన గాలిమరలు, కొబ్బరితోటలు, మధ్యలో ఎర్రటి దుక్కి. ఒట్టన్‌చత్రం వచ్చేసరికి రోడ్డంతా కూరగాయల లారీలు. టమాటా పెట్టెలు, మునక్కాయల కట్టలు, కేరళ నంబరు బళ్ళు, వాటి మధ్యలోంచి మా బస్సు మెల్లగా దూరింది. దిగి కొట్టువాడిని ‘నల్ల టీ’ అడిగాను. అతను చిక్కటి పాలటీ నురగ వచ్చేలా ఎత్తి పోసి ఇచ్చాడు. కాదు, నల్ల టీ అన్నాను మళ్ళీ. “నల్ల టీ దామ్మా, కుడింగ!” అన్నాడు, తాగమని సైగ చేస్తూ, కాస్త నొచ్చుకుని. తమిళంలో నల్ల అంటే మంచి అని, ‘దా’ అంటే మాటను నొక్కి చెప్పడమని అప్పుడు గుర్తొచ్చింది. నిజంగానే మంచి టీ. ఇంకోటి అడిగి తాగాక గాని అతని మొహం విప్పారలేదు.

తేనిలో బండి మారితే బోడి అరగంట. ఎదురుగా కొండలు గోడలా లేస్తాయి, బస్టాండులో దిగగానే ఏలకుల వాసన కొడుతుంది. రాజీ స్కూటరు మీద వచ్చి నిలబడి ఉంది. “వచ్చేసినావా అక్కా,” అంది, నా మొహం చూడకుండానే సంచి అందుకుంటూ.

వాళ్ళ పెద్దమ్మ రంగమ్మగారికి ఏలకుల వ్యాపారం. ఎడమ కాలికి కట్టు, కాలు ఎత్తుపీట మీద, మనిషి మాత్రం వరండా మంచం మీద నుంచే ఇల్లంతా నడిపిస్తోంది. నన్ను పైనుంచి కిందికి చూసి రాజీని అడిగింది. “ఈ అమ్మిణి దానా నీతో సండ పడేది?”

“సండ కాదు పెద్దమ్మా, లెక్కలో తేడా,” అన్నాను నేను.

“తేడా అయితే ఇది నాలుగు దినాలుగా ఎందుకు మొహం ముడుచుకోనుంది? ముందు బువ్వ తినండి. తిన్నాక దా పంచాయితీ.”

ఉలవల కుళంబు, అంటే పులుసు, దాంతో అన్నం, పైన నెయ్యి. ఎవరి కంచం వాళ్ళు చూసుకుంటూ తిన్నాం. చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. పెద్దమ్మ దిండు సర్దుకుని న్యాయాధికారిలా కూర్చుంది. షరతు ఒక్కటే. “ఇంగ్లీషు వద్దు. మన మాటలో చెప్పండి. అర్థమయితే దా తీర్పు.”

నేను మొదలుపెట్టాను. “సముద్రపు అడుగున అవక్షేపాల్లో నీటి సంతృప్తత ఎంతో…”

“అది యేం మాట? కడుపు నిండిందా అనా?”

రాజీ ఫక్కున నవ్వి, నవ్వినందుకు నొచ్చుకున్నట్టు తల తిప్పుకుంది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. పదేళ్ళుగా చేస్తున్న పనిని ఒక్కసారి కూడా మామూలు తెలుగులో చెప్పలేదని అప్పుడే తెలిసింది. ప్రతి మాటకూ వెతుక్కోవలసి వచ్చింది. “మట్టి గింజల నడుమ సందులుంటాయి పెద్దమ్మా. వాటిలో కొన్ని నీళ్ళు, కొంత మంచు. పక్క నుంచి కరెంటు పంపిస్తాం. మంచు ఎక్కువుంటే కరెంటుకు దారి దొరకదు. ఆ మంచు అన్ని సందుల్లోనూ ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి…”

“ఉండక్కా,” అంది రాజీ, ఆ సాయంత్రం మొదటిసారి నా మొహంలోకి చూసి. “ఒకే తీరుగానా? ఎవరు చెప్పినారు?”

“సూత్రం అంతేగా. అలా అనుకునే కదా లెక్క.”

“నా చేతికి వచ్చిన మట్టి అట్ట లేదు. జిగట మట్టి. దాన్లో పైనుంచి కిందికి నిలువుగా బీటలు. ఆ బీటల్లో దా మంచు ఉండేది, తెల్లగా, రేకులు రేకులుగా. బీట పక్కన మట్టిలో ఏమీ లేదు, ఉత్త నీళ్ళు.”

“ఈ మాట నాకెందుకు చెప్పలేదే?”

“ఫొటోలు పంపినానే! నువ్వు అంకెలు మాత్రం చూసినావు.”

లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చాను. పరికరాలు బావి గోడ చుట్టూ తీసిన చిత్రం ఒకటి ఉంటుంది. కరెంటుకు అడ్డు తగిలినచోట తెల్లగా, తగలనిచోట నల్లగా కనిపిస్తుంది. తెరిచాను. పై పొరలో, అంటే రాజీ చెప్పిన జిగట మట్టిలో, పొడుగునా తెల్లటి అలల్లాంటి గీతలు. వాలు బాగా ఎక్కువున్న బీట బావి గోడను కోస్తే అలాగే కనిపిస్తుంది. నేను వాటిని ఇంతకుముందు చూడలేదని కాదు, పట్టించుకోలేదు. పక్క నుంచి వెళ్ళే కరెంటుకు ఆ మంచు రేకులు తలుపుల్లా అడ్డం పడ్డాయి. కొంచెం మంచే పెద్ద అడ్డయింది. నా సూత్రం దాన్ని మట్టి నిండా మంచుందని చదివింది.

నా అంకె విని మా పెద్దసారు అప్పటికే మంచి హుషారులో ఉన్నారు.

“ఏమాయె? మొహం అట్ట వాడిపోయె?” అంది పెద్దమ్మ.

“నా లెక్క తప్పినట్టుంది పెద్దమ్మా.”

“తప్పితే సరి చేసుకో. దానికి వాడిపోవడం ఎందుకు? రాజీ, ఈ పిల్లకి కాపీ పెట్టు.”

రాజీ కాఫీ తెచ్చి నా పక్కనే గడప మీద కూర్చుంది. “పొద్దున్నే ఇద్దరం చేద్దాం అక్కా,” అంది అంతే.

మర్నాడు తెల్లవారగానే మిద్దె మీద చాప పరుచుకుని మొదలుపెట్టాం. మంచు బీటల్లో మాత్రమే ఉందనుకుని, బీటల వాలు కూడా కలిపి మళ్ళీ లెక్క కట్టాను. పై పొరలో నా నీటి శాతం పెరుగుతూ పెరుగుతూ వెళ్ళి రాజీ అంకె పక్కన ఆగింది. రాజీ లేచి మిద్దె మీద గంతులేస్తూ ఒక చుట్టు తిరిగొచ్చింది. కింద నుంచి పెద్దమ్మ, “మిద్దె కూలిపోతాది!” అని అరిచింది.

కానీ ఇంకా కిందికి పోతే సన్నటి ఇసుక పొర ఒకటుంది. అక్కడ బీటలు లేవు. ఎన్నిసార్లు కట్టినా మంచు ఎక్కువే వస్తోంది. శబ్దం ఎంత వేగంగా పోయిందో చెప్పే కొలతలూ అదే మాట అంటున్నాయి. రాజీ అంకె మాత్రం అక్కడ కూడా ఉత్త నీళ్ళే అంటోంది.

“ఆ లోతు నుంచి నీ గొట్టంలో ఏం వచ్చింది?” అని అడిగాను.

రాజీ జడ కొస తిప్పుకుంటూ కొండల వైపు చూసింది. “ఇసుక నిలవలేదక్కా. పైకి తెచ్చే లోపల జారిపోయె. అడుగున ఒక జిగట ముద్ద మిగిలింది. దాన్ని దా పిండినా.”

“అంటే ఆ అంకె ఇసుకది కాదు.”

“కాదు.” తర్వాత తనే నవ్వింది. “ఆమా, నిజమే, కాదు. రాసేయి.”

ఇసుక గింజల సందుల్లో మంచు సమానంగానే నిండుతుంది కాబట్టి అక్కడ నా పాత సూత్రం సరిగ్గా పనిచేసింది. పైన ఉందనుకున్న పెద్ద నిధి లేదు. కింద ఎవరూ లెక్కలో వేసుకోని పల్చటి పొరలో అసలు సరుకుంది. మధ్యాహ్నానికి నివేదిక తిరగరాసి పెద్దసారుకు ఫోను చేశాను. రాజీ స్పీకరు నొక్కి నా పక్కనే నిలబడింది.

“అంటే మనం అనుకున్నంత లేదన్నమాట,” అన్నారాయన.

“పైన లేదు సార్. కింద ఉంది.”

“సోమవారం ఇద్దరూ కలిసి చెప్పండి. ఎవరో ఒకరు కాదు, ఇద్దరూ.”

రైలుకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి పెద్దమ్మ మమ్మల్ని తెలిసినవాళ్ళ జీపులో బోడిమెట్టు ఘాట్ రోడ్డుకు పంపించింది. మీరు వెళ్తే బస్సులున్నాయి, పైకి గంట పడుతుంది. వంపు వంపుకూ గాలి చల్లబడుతుంది, కింద ఊరు చిన్నదైపోతుంది. పైన కాఫీ తాగుతూ రాజీ మేం మాట్లాడుకోని రోజుల కబుర్లన్నీ ఒక్కసారే చెప్పింది. సాయంత్రం బోడి నుంచి మధురైకి పాసింజరు ఉంది. యాభై రూపాయల లోపే టికెట్టు, రిజర్వేషను అక్కర్లేదు, రెండు గంటల దారి. మధురై నుంచి చెన్నై మీదుగా సోమవారం పొద్దుటికి కాకినాడ చేరాను. సమావేశంలో నేను పై పొర సంగతి చెప్పాను, రాజీ బోడి నుంచి తెర మీద కనిపించి ఇసుక సంగతి చెప్పింది. తన ముద్ద గురించి కూడా దాచకుండా చెప్పింది. తర్వాతి బావిని ఆ ఇసుక మందంగా ఉన్న వైపుకు జరపాలని నిర్ణయించారు. తెర మీద రాజీ వెనక నుంచి పెద్దమ్మ గొంతు, “జరిగిందా? నల్లది,” అనడం అందరికీ వినిపించింది.

అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు. బడి లేక, పుస్తకం లేక, తరాలుగా నోటితోనే మాటను నిలుపుకున్నారు. నాకు చదవడం వచ్చు, రాయడం వచ్చు, కానీ నా పనిని నా మాటలో చెప్పుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంగ్లీషు మాటల వెనక నేను చూడకుండానే ఏమేం నిజమనుకుంటూ పోయానో నాకే కనిపించలేదు. ఆ వరండాలో తడుముకుంటూ చెబితే కనిపించింది. ఇప్పుడు ఏ బావి అంకెలు వచ్చినా ముందు రాజీ బల్ల దగ్గరికి వెళ్తున్నాను. ‘మట్టి ఎట్ట ఉండాది?’ అని అడుగుతున్నాను. యాస తప్పిందని తను సరిచేస్తుంది, తర్వాత ఫొటోలు తీస్తుంది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: చాలా బస్సుల బోర్డులు తమిళంలోనే ఉంటాయి, కాబట్టి మీరు దిగాల్సిన ఊళ్ళ పేర్లు తమిళ లిపిలో ఎవరిచేతనైనా రాయించి ఫోనులో పెట్టుకోండి.