పదహారు కారణాలు

మా అక్కను మెడలో కొలత టేపు లేకుండా చూసినవాళ్ళు తక్కువ. అందుకే కుట్టు శిక్షణ కేంద్రంలో అందరికీ ఆమె టేపక్క. పద్దెనిమిదేళ్ళుగా ఆడవాళ్ళకు మిషను కుట్టు నేర్పుతోంది. నేను పక్క బల్ల మీద కత్తిరింపు చెబుతాను. అక్క కుట్టు ఎంత తిన్నగా ఉంటుందో మాట అంత పెడసరం. "ఇది కాలరా, కుక్క చెవా?" అంటూ కుట్టిందంతా విప్పించేది. అయినా మిషను తిరుగుతున్నంతసేపూ వాళ్ళు ఇంటి సంగతులన్నీ ఆమెకే చెప్పుకునేవారు. నా నోట్లో నువ్వుగింజ నానదు. అక్క మాత్రం విన్నదంతా కడుపులో దాచుకునేది.

మాలాంటి కేంద్రాలను నడిపే ఆఫీసువాళ్ళు వాటి మంచిచెడ్డలు ఒకే లెక్కతో తేలుస్తారు. నేర్చుకున్నవాళ్ళలో ఆరు నెలల్లో ఎంతమందికి పని దొరికిందన్నదే ఆ లెక్క. రెండు వీధుల అవతల చొక్కాల ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళూ మాకు చింత లేదు. అది మూతపడ్డ ఏడాది ఇరవై మందిలో నలుగురికే పని దొరికింది. బజారు నడుమనున్న కేంద్రంలో పదిహేడుమందికి దొరికింది. జాబితాలో మేం అట్టడుగున పడ్డాం. ఇలాగే ఉంటే తాళం వేస్తామన్నారు. పని లేని పదహారుమందీ చెయ్యి మరిచిపోకుండా రోజూ వచ్చి మా మిషన్ల మీదే కుడుతుండేవారు.

లెక్క న్యాయంగా ఉండాలని ఆఫీసువాళ్ళు అప్పుడే కొత్త కాగితం పెట్టారు. పని దొరకని ఒక్కొక్కరికీ మా చేతిలో లేని కారణం ఏదైనా ఉంటే చూపాలి, దాన్నిబట్టి లెక్క సవరిస్తారు. అక్క "ఫ్యాక్టరీ మూత" అని పదహారుసార్లు రాసి పట్టుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"అందరికీ ఒకటే కారణమంటే కుదరదమ్మా," అన్నాడు గుమాస్తా. "ఇదిగో, ఈ గడుల్లో టిక్కు పెట్టండి."

అనారోగ్యం, పసిపిల్లలు, చదువు లేకపోవడం, ఇంట్లో ఒప్పుకోకపోవడం. ఫ్యాక్టరీ మూతపడ్డదానికి గడే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నన్ను నమ్మి చెప్పుకున్నవే ఇవన్నీ. కాగితం మీద పెట్టనా?" అంది అక్క ఇంటికొచ్చాక.

"అబద్ధం రాయమన్నానా? తాళం పడితే రేపు ఎవరికి నేర్పుతావ్, గోడలకా?" అన్నాను. పెన్ను కూడా నేనే తెచ్చి చేతిలో పెట్టాను. అక్క ఒక్కో పేరు దగ్గరా ఆగి ఆగి పదహారు టిక్కులు పెట్టింది.

లెక్క సవరించారు. అట్టడుగునుంచి నడిమికి వచ్చాం. తాళం తప్పింది. నేనైతే ఎగిరి గంతేశాను.

రాసింది నిజమో కాదో చూడ్డానికి ఆఫీసువాళ్ళు కొన్ని ఇళ్ళకు వెళతారని మాకెవరూ చెప్పలేదు. ఆ పదహారుమందిలో కాజాలు కుట్టడంలో అందరినీ మించిన ఒకామె ఉండేది. దూరాన ఒక దుకాణంలో పని దొరికితే భర్త వెళ్ళనివ్వలేదు. వాళ్ళు ఆ ఇంటికే మొదట వెళ్ళారు. తలుపు తీసింది భర్త. "మీ ఆవిడను పనికి పంపడానికి ఒప్పుకోవట్లేదట, నిజమేనా?" అని కాగితం చూస్తూ అడిగారట.

మూడోరోజు ఆమె తన కత్తెర తీసుకుపోవడానికి వచ్చింది. దవడ వాచి ఉంది.

"మీకు చెప్పుకున్నాను గానీ టేపక్కా, ఊరందరికీ చెప్పమన్నానా?" అంది.

అక్క కత్తెర తెచ్చి ఆమె చేతికిచ్చింది. రాయించింది నేనని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

కేంద్రం నడుస్తోంది. ఈ ఏడాది ఇరవైనలుగురు చేరారు. ఆ టిక్కుల సంగతి చేరకముందే అందరికీ తెలుసు. మిషన్ల చప్పుడు తప్ప గదిలో మాట వినపడదు. నిన్న ఒకమ్మాయి కళ్ళు ఉబ్బి ఉండటం చూసి అక్క పక్కన కూర్చుంది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. ఇంట్లో అందరూ బాగున్నారు," అందా పిల్ల, సూది మీంచి చూపు తిప్పకుండా.

అక్క లేచి పక్క మిషను దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆ తర్వాత దాని పక్కన. ఇరవైనలుగురి ఇళ్ళలోనూ అందరూ బాగున్నారు.