రేక లేని దోసిలి

మా నాయిన చేతుల్లోంచి కల్లు రేకను బ్లేడుతో గీకేశారు. నన్ను అడగకుండా గీకేశారు. నా దగ్గర ఆయనదున్న ఫొటో అదొక్కటే.

ఎనభైల చివర్లో నేను ఒమాన్‌లో, షినాస్‌లో తాపీపని చేసేవాణ్ణి. మస్కట్‌లో కొన్న కెమెరాతో ఛుట్టీకి వెళ్ళి మా ఊరి కల్లు దుకాణాలన్నీ ఫొటోలు తీశాను. అంగడి రోడ్డు వెడల్పు చేస్తారట, అవన్నీ పోతాయట. నిజాం కాలం నాటివి. గుడికి చరిత్ర రాస్తారు, గడీకి రాస్తారు, వీటికెవడు రాస్తాడు? పెద్ద దుకాణం ముందు మా నాయిన తాటాకు రేకను దోసిట్లో పట్టి మూతికి పెట్టుకుని వంగితే, కల్లు పోసే తాత పైనుంచి మట్టి లొట్టి వంచాడు. "కదలకుండ్రి" అన్నాను.

మరుసటేడు దుకాణమూ పోయింది, నాయినా పోయాడు. కంపెనీ నన్ను పంపలేదు.

ఆ ఫొటోలు రూమ్‌లో నా మంచం పక్క గోడకు పెట్టుకున్నాను. "మ్యూజియం మంచిగున్నది కాకా, వాసనన్న రాకపాయె" అని నవ్వేవాళ్ళు రూమ్‌లోవాళ్ళు. నవ్వితే నవ్వనీ. కానీ సముద్రపు గాలికి ఫొటోలు మచ్చలు పడ్డాయి, నెగెటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాయిన ఫొటోకు కాపీ తీయమని బజారులో స్టూడియోకిచ్చాను.

స్టూడియో ఆయన హైదరాబాద్ సాయెబు, మంచివాడే. మావాళ్ళు శుక్రవారం సెలవునాడు ఫొటోలు దిగి, ఇంటికి పంపేముందు చేతిలో గ్లాసో సిగరెట్టో ఆయనతో చెరిపించేవాళ్ళు. అక్కడి రివాజు అది. నాదీ అలాగే చేశాడు, అసలు ఫొటో మీదే. రేక లేదు, లొట్టి లేదు. నాయిన ఉత్త దోసిలి మూతికి పెట్టుకుని వంగి ఉన్నాడు. పైన ముసలాయన ఉత్త చేతులు వంచి ఉన్నాడు.

"ఇదేంది భాయ్?"

"మీవాళ్ళందరూ ఇదే అడుగుతరు గదన్నా. ఇంటికాడ అమ్మ చూస్తే బాధపడ్తది."

"నేనడిగిన్నా?"

నేనిప్పటికీ ఒప్పుకోను. పగలు, అంగడిలో, పదిమంది ముందు తాగినదాన్ని దాచడానికేముంది?

అప్పట్నుంచి డ్యూటీ దిగి రూమ్‌కి వస్తే ముందు ఆ దోసిలే కనిపించేది. ఏమీ పడని దోసిలి. ఫొటోను గోడవైపు తిప్పేశాను. తిప్పినా ఆయన అక్కడ వంగే ఉన్నాడని తెలుసు.

ఆ కల్లు పోసే తాతకూ ఒక కాపీ ఇచ్చిన గుర్తు. ఛుట్టీకి పోయే ప్రతివాడితోనూ అడిగించాను, అది ఉందా అని. కొన్నేళ్ళకు ఒకడు తాత గొంతు క్యాసెట్‌లో రికార్డు చేసి తెచ్చాడు.

"ఫొటో వానకు కరిగిపాయె బిడ్డా. గా దినం లొట్టిల కల్లు యాడిది, ఉత్తదే. నువ్వు ఫొటో తీస్తనంటివని నేను వంచినట్టు జేస్తి, మీ నాయిన తాగినట్టు జేసె. కదలకుండ్రి అంటివి. కదలలే. ఇగ సాలు, లేవుండ్రి అని నువ్వు అననే లేదు."