మామిడి పెట్టెలో మానిటరు

మా బడిలో కంప్యూటర్ల గది తాళంచెవి నా దగ్గరే ఉండేది. నేను చెప్పేది లెక్కలు. చాలా ఏళ్ల కిందట బడికి ఎనిమిది కంప్యూటర్లు వచ్చిన రోజు, ఏ వైరు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియక అందరూ నిలబడిపోతే, నేనొక్కదాన్నే ఒక ప్లగ్గు సరిగ్గా గుచ్చాను. ఆ నేరానికి నన్ను ఇన్‌ఛార్జిని చేశారు. తర్వాత బదిలీల మీద రెండు ఊళ్లు తిరిగి, కర్నూలు పడమటి దిక్కున ఉన్న ఈ పల్లెకే మళ్లీ వచ్చేసరికి తాళంచెవి నాకోసం కాచుకుని ఉంది. కంప్యూటర్లూ అలాగే ఉన్నాయి, పూలగుడ్డలు కప్పుకొని. ఏటా ఆయుధపూజకు పెట్టిన కుంకుమబొట్లు మాత్రం పొరలు పొరలుగా ఎండిపోయి ఉన్నాయి. ఈమధ్య అవి పని చేసినట్టు ఎవరికీ గుర్తు లేదు.

ఈ జూన్‌లో ఆరో తరగతిలో పిల్లలు ఎక్కువగా చేరారు. చోటు చాలక వరండాలో కూర్చోబెట్టాం. పదిగంటలకే బండలు కాలే ఊరు మాది. గది ఖాళీ చేయక తప్పలేదు. పాతసామాన్లు కొనే ఆయన వచ్చాడు గానీ, ఆయన పద్ధతి నాకు తెలుసు. సుత్తితో పగలగొట్టి, లోపలి రాగి కోసం వైర్లను ఊరి పక్క వంకలో కుప్పేసి కాలుస్తాడు. ఆ నల్లపొగ పొద్దు గుంకేదాకా ఊరిని వదలదు. వద్దని పంపేశాను.

అప్పుడు హెడ్మాస్టరుగారు ఫోనులో ఒక ప్రకటన చూపించారు. పాత కంప్యూటర్లను పోస్టులో పంపితే, వాటిని జాగ్రత్తగా విడదీసి, ఏ లోహానికా లోహం వేరు చేసే కంపెనీ ఒకటి బెంగళూరులో ఉందట. అడ్రసు చీటీలు వాళ్లే పంపుతారు, పోస్టు ఖర్చు వాళ్లదే. పైఆఫీసు నుంచి అనుమతి తెప్పించే పని ఆయన తీసుకున్నారు. పెట్టెలు కట్టించే పని నాకొచ్చింది.

మా ఊరి పోస్టాఫీసు అంటే పోస్టమ్మ ఇంటి ముందుగది. ఒక బల్ల, ఒక కాటా, గోడకు ఒక గడియారం. నా మాట విని ఆమె కాటా వైపు జాలిగా చూసింది.

“ఈ కాటాకు ఆధారు కార్డుకు మించిన బరువు తెలీదు మేడం. మీరేమో కంప్యూటర్లంటాండారు. దోవలో పగిల్తే నా నెత్తి మీదికొస్తాది. గట్టిగా కట్టించుకోని రాండి.”

గట్టిగా కట్టగలిగినవాడు ఊళ్లో ఒక్కడే. అందరూ భాయ్ అని పిలిచే పెద్దాయన. ప్రతి వేసవీ బనగానపల్లె తోటలకు పోయి మామిడికాయలు పెట్టెలకెత్తి వస్తాడు. వస్తూ కొన్ని పండ్ల పెట్టెలు తెచ్చి ఊళ్లో అమ్ముతాడు. ఖాళీ అట్టపెట్టెలు, వరిగడ్డి, పురికొస చంకన పెట్టుకుని బడికొచ్చాడు. వెనక పెద్ద డొప్ప ఉన్న మానిటరును అరచేత్తో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

“ఇది కాయా, పండా మేడం?”

“కుళ్లిపోయింది భాయ్.”

“ఐతే ఇంకా నాజూగ్గా చూసుకోవాల” అంటూ గడ్డి పరిచి, మానిటరును మొహం కిందికి పెట్టి, పసిబిడ్డకు పొత్తిళ్లు చుట్టినట్టు చుట్టాడు.

ఒక సీపీయూను పక్కకు వంచితే దాని వెనక కన్నంలోంచి ఎలుకగూడు జారిపడింది. గూడంతా నా పాత స్లిప్‌టెస్టు కాగితాలే. అక్షరం మిగలకుండా కొరికేసింది గానీ, ఎర్రసిరాతో నేను వేసిన ఒక సున్నా మాత్రం చెక్కుచెదరలేదు. ఎలుకకు కూడా పనికిరాలేదన్నమాట.

మొదటి రోజు నాలుగు మానిటర్లు కట్టాం. పోస్టమ్మ తూచి, చీటీలు అతికించి, మర్నాడు పొద్దుటి బస్సులో పట్నంలోని పెద్ద పోస్టాఫీసుకు పంపింది. మధ్యాహ్నం నేను పదో తరగతిలో త్రిభుజాలు చెబుతుంటే ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“మేడం, కంప్యూటరు మాగిందంట!”

పట్నం నుంచి ఫోను చేశారట. పెట్టెలు నాలుగూ చేరాయి. మూడింటి మీద చీటీలున్నాయి, నాలుగోదాని మీద లేదు. పైగా అక్కడ గదంతా మామిడిపండ్ల వాసన.

భాయ్‌ను పిలిపించాం. ఆయన రెండు నిమిషాలు గడ్డం నిమురుకుని నాలుక కరుచుకున్నాడు.

“పొద్దున ఒకాయనకు ఒక పెట్టె అమ్మితి. కూతురు అత్తగారి ఊరికి పోతాండా అన్యాడు. ఆయప్పా అదే బస్సెక్కినాడు. పెట్టె అదే, తాడదే, కట్టు నాదే. నాకే తేడా తెలీదు, ఆయప్పకేం తెలుస్తాది?”

ఆయనది ఏ ఊరో భాయ్‌కు తెలియదు, ఫోను నంబరూ లేదు. పండ్ల పెట్టె మర్నాటి బస్సులో తిరిగొచ్చింది గానీ మానిటరు జాడ లేదు. పోస్టమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పోయింది పనికిరాని వస్తువే అయినా, అనుమతి కాగితంలో దానికొక నంబరుంది.

మూడో రోజు బడి ముందు ఆటో ఆగింది. పెట్టె పట్టుకుని ఒక రైతు, వెనకే పాతికేళ్ల అమ్మాయి దిగారు. ఆయన మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

“పండ్లు తెచ్చినా తినండని మా పాప అత్తగారింట్లో, బీగురోళ్ల నడిమింట్లో దించితి మేడం. అందరూ చుట్టూ కూచున్యారు. గడ్డి తీసి పైకెత్తి చూస్తే గాజు మొగం! మా బీగురాలు శానా సంబరపడిపాయ. టీవీ తెస్తివా అన్నా అని కండ్లనీళ్లు పెట్టుకుండాది. కాదని యెట్ల చెప్పేది? నోరు రాల్యా.”

“మరి?”

“ప్లగ్గు పెట్టినారు. చిన్న దీపం వెలిగింది. ఇంగ బొమ్మ వస్తాదని ఇంటిల్లిపాదీ ముందు కూచున్యారు. బొమ్మ రాకపాయె. మర్సటి దినం డిష్షాయన్ను కూడా పిలిపిచ్చిరి. ఆయన తల గోక్కోని పాయ.”

పొరుగూరు పెళ్లికి పోయిన కూతురు ఆ సాయంత్రం తిరిగొచ్చి, పెట్టె మీద మా బడి పేరున్న చీటీ చదివిందట. అత్తగారు అప్పటికే దాని మీద అల్లిన గుడ్డ కప్పేసింది. ఆమెను ఒప్పించి దాన్ని తేవడానికి ఒక రాత్రి పట్టింది.

ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. “నేను మీ దగ్గరే చదివినా మేడం. చీటీ చూడకున్నా దీన్ని గుర్తుపడతాంటి. కుడిపక్క నుంచి మూడోది. ఎనిమిదో తరగతిలో ప్రతి శనివారం దీని దుమ్ము తుడిచింది నేనే.”

నాకు భలే గర్వంగా అనిపించింది. “అయితే బాగానే నేర్చుకుని ఉంటావు.”

“ఏం నేర్చుకుంటాం మేడం? ముట్టుకుంటే చెడిపోతాదని మీరు ముట్టనియ్యలేదు కదా.”

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా అంది. నేను మాత్రం మేజా మీదున్న సుద్దముక్కలను సర్దడం మొదలుపెట్టాను. చెడిపోతే జవాబు చెప్పుకోవాల్సింది నేనే అన్న భయంతో అన్నేళ్లు కాపలా కాశాను. ముట్టకుండానే అవి చెడిపోయాయి.

“ఒక్కతూరి వేసి చూద్దామా మేడం?” అందామె.

మిగతా పెట్టెలు కడుతున్న భాయ్ వచ్చి కట్టు విప్పాడు. గదిలో మిగిలిన సీపీయూలను ఒక్కొక్కటే తగిలించాం. రెండు ఉలకలేదు. మూడోది దగ్గుతూ, దుమ్ము కక్కుతూ లేచింది. తెర మీద పాస్‌వర్డు అడిగింది. పెట్టింది నేనే, గుర్తు లేనిదీ నాకే. ఊరిపేరు కొట్టాను, నా పుట్టినరోజు కొట్టాను, ఊహూఁ.

“కొంచెం జరగండి మేడం” అని ఆ అమ్మాయి టకటకా ఏదో కొట్టింది. తెరుచుకుంది!

“నీకెలా తెలుసు?”

“మీరు ఒక్కో అక్షరం వెతుక్కుంటా, పైకి చదువుకుంటా కొడతాంటిరి కదా. తరగతంతా తెలుసు మేడం.”

భాయ్ గడ్డిలో కూలబడి నవ్వాడు. ఆమె బొమ్మలు గీసే పేజీ తెరిచి, మౌసును రెండు చేతులతో పట్టుకుని, నాలుక బయటపెట్టి ఏదో గీయసాగింది. తండ్రి వంగి చూశాడు. “అది మేకనా, కుక్కనా?” “ఉండు నాయనా, కొమ్ములు పెట్టల్యా ఇంకా.” వాళ్ల ఊరికి పోయే బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఇద్దరూ తలెత్తలేదు. రెండో కొమ్ము సగంలో ఉండగా లోపల టక్కుమని చప్పుడై తెర నల్లబడింది. మళ్లీ లేవలేదు. “మేకే, మేకే” అన్నాడు తండ్రి, ఓదార్పుగా.

ఆయన పండ్లు అప్పటికి బాగా మాగిపోయాయి. పిల్లలకు పెట్టమన్నాడు. ఆరో తరగతి వరండాలో కూర్చుని మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తినింది. బీగురాలి కోసం భాయ్ ఇంకో పెట్టె ఊరికే ఇచ్చి పంపాడు. మానిటరును మళ్లీ గడ్డిలో చుట్టి, ఈసారి పెట్టెకు నాలుగు పక్కలా బొగ్గుతో పెద్ద అక్షరాలు రాశాడు: పండ్లు కావు.

రెండు వారాల్లో అన్నీ బెంగళూరు చేరాయి. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు నా సొంత ల్యాప్‌టాప్ తెచ్చి పదో తరగతి పిల్లల మధ్య పెట్టి, నేను రెండు బెంచీల దూరంలో కూర్చుంటున్నాను. లేచి వెళ్లి లాక్కోవాలని మనసు పీకుతుంటుంది, కుర్చీని గట్టిగా పట్టుకుంటాను. ఇప్పటికి ఒకసారి మజ్జిగ ఒలికింది. రెండు మీటలు ఊడాయి, అందులో ఒకటి దొరికింది.