గుమ్మానికి అడ్డంగా ఒక చెయ్యి

మొన్న పక్కింట్లో పెళ్ళివారు దిగారు. ఆడపడుచు కొత్త జంటను గుమ్మంలో ఆపి, పేర్లు చెబితేగాని కదలనివ్వనంటోంది. పెళ్ళికొడుకు సిగ్గుతో మెలికలు తిరుగుతున్నాడు. మా అరుగు మీద కాఫీ తాగుతున్నవాణ్ణి గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయాను. మా అక్క గుర్తొచ్చింది.

చిన్నప్పుడు తనని అన్నయ్యా అనే పిలిచేవాణ్ణి. ఆ పిలుపుకి పలికేముందు ఎందుకు ఒక్క క్షణం ఆగేదో నాకప్పుడు తెలీదు. తొంభైల మొదట్లో, ఇంటర్ పరీక్షలు కాగానే నర్సీపట్నం కాంప్లెక్సులో విశాఖ బస్సెక్కింది. నాలుగేళ్ళకి చీరలో దిగింది. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆ చీర అంచు బాగుంది, ఎక్కడ కొన్నావని అడిగింది.

ఆ తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేది. మధ్యాహ్నాలు పెరట్లో మంచం వాల్చుకుని, వేరుశనక్కాయలు ఒలుస్తూ విశాఖ కబుర్లు చెప్పేది. నేను సగం నిద్రలో వినేవాణ్ణి. సముద్రం మా నూతి దాకా వచ్చినట్టుండేది. ఆదివారాలు తనలాంటివాళ్ళంతా అక్కడొక మేడ మీద చేరతారట. ఒక లాయరమ్మ వచ్చి, అర్జీ ఎలా రాయాలో, పోలీసులు ఆపితే ఏం అడగాలో నేర్పుతుందట. "ముందు అద్దంలో సూసుకుని నా పేరు నేను సెప్పుకున్నాన్రా. తర్వాత మైకులో సెప్పాను," అనేది. మైకంటే ఆటోలో సినిమా ప్రచారానికే అనుకునే వయసు నాది. హక్కు అన్న మాట మొదట విన్నది ఆ మంచం మీదే.

రెండు వేల సంవత్సరం దాటాక నా పెళ్ళి కుదిరింది. "రానీ, తిననీ, ఎల్లనీ. గుమ్మం కాడికి మాత్రం రాకూడదు," అన్నాడు నాన్న అక్క గురించి. ఆడపడుచుగా నిలబడడానికి రోలుగుంట నుంచి పిన్ని కూతుర్ని రప్పించారు. సొంత అక్క ఉండగా ఇదేమిటని నేను అడగలేదు. పెళ్ళికొడుకు మాట్లాడకూడదన్న వంక ఒకటి దొరికింది.

తీరా మేం గుమ్మం ముందుకొచ్చేసరికి గాజుల చెయ్యొకటి అడ్డంగా చాచి ఉంది. అక్క! పిన్ని కూతురు పక్కకి తప్పుకుని నవ్వుతోంది.

"తప్పుకో, బేగి," అన్నాడు నాన్న పళ్ళ బిగువున.

"ఇది ఆడపడుచు హక్కు నాన్నా," అంది అక్క. చెయ్యి కదల్లేదు.

పేర్లు చెప్పాం. ఆ తర్వాత, పుట్టబోయే కూతుర్ని నా కొడుక్కిస్తారా అని అడగడం రివాజు. అక్క అదడగలేదు.

"మీకు పుట్టినోళ్ళు నన్ను అత్తా అని పిలవాల. ఒప్పుకుంటేనే దారి."

నాన్న ముఖంకేసి చూశాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే చేశాను. అప్పుడు, నన్ను కట్టుకుని ఒక్క రోజైనా నిండని నా భార్య తలెత్తింది.

"అలాగే వదినగారూ. అత్తా అనే పిలుస్తారు."

చెయ్యి దిగింది. లోపలికి నడిచాం.

ఆ తర్వాత మా అరుగు మీదే కూర్చుని అక్క ఎంతమందికో రేషన్ కార్డు అర్జీలు రాసిపెట్టింది. నాన్న చివరిరోజుల్లో "అమ్మాయొచ్చిందా?" అని అక్క కోసం అడిగేవాడు. మా కూతురు వారానికోసారి ఫోన్లో "అత్తా" అంటూ గంటసేపు వదలదు. ఇరవై ఏళ్ళు ఇట్టే గడిచిపోయాయి. ఆ గుమ్మంలో నేను నోరు మెదపని ఆ కాసేపే, ఎందుకో, ఇంకా గడవడం లేదు.